బోరు మోటారు గ్యాస్కెట్‌కి కారు కాగితాలు

చిన్న పరిశ్రమలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిది ఒకే గోడు. వేరే పనికి తయారుచేసిన సరుకు బండ్ల కంపెనీకి నచ్చింది, సరుకుతో పాటు కాగితాల కట్ట కూడా అడుగుతోంది. వాటిలో ఆరు ఇక్కడ తీసుకున్నాం.

ప్రశ్న: మడికొండల మాకు చిన్న రబ్బర్ యూనిట్ ఉన్నది. బోరు మోటార్లకు గ్యాస్కెట్లు, ప్యానెల్ బోర్డులకు గ్రోమెట్లు (తీగ పోయే రంధ్రానికి తొడిగే రబ్బర్ రింగులు) చేస్తం. మా కేటలాగుల ఉన్న ఒక గ్రోమెట్‌ను చూసి, టూవీలర్ వైరింగ్ చేసే కంపెనీవాళ్లు తీసుకుంటమన్నరు. ఇప్పుడేమో ‘పీపాప్ లెవెల్ 3 పంపుండ్రి, డిజైన్ ఎఫ్‌ఎంఈఏ గూడ గావాలె’ అంటున్నరు. అది బండి కోసం చేసిన వస్తువే కాదాయె. ఆ కాగితాలు యాడికెల్లి తేవాలె?
— రబ్బర్ యూనిట్ యజమాని, మడికొండ

జవాబు: ముందు వాళ్లకు ఒక మెయిల్ రాయండి. ఈ గ్రోమెట్ డిజైన్ బాధ్యత ఎవరిది? మా కేటలాగ్ నంబరు మీద కొంటున్నారా, మీ డ్రాయింగ్ నంబరు మీద కొంటున్నారా? ఏ కాగితాలు పంపాలి, ఏవి మా దగ్గర పెట్టుకోవాలి? ఈ మూడింటికీ రాతలో జవాబు వచ్చేదాకా ధర చెప్పకండి. ధర చెప్పేశాక కాగితాల ఖర్చు మొత్తం మీ నెత్తినే పడుతుంది.

పీపాప్ (పీపీఏపీ) అంటే భారీ ఉత్పత్తికి ముందు తీసుకునే ఆమోదం. అమెరికా బండ్ల పరిశ్రమ సంఘం ఏఐఏజీ మాన్యువల్ (2006 నాటి నాలుగో ఎడిషన్) ప్రకారం అందులో 18 అంశాలు, 5 లెవెళ్లు ఉంటాయి. లెవెల్ 1లో వారంట్ (పార్టు షరతులన్నీ తీరుస్తుందని మీరు సంతకం చేసే కాగితం) ఒక్కటి పంపితే దాదాపు సరిపోతుంది. లెవెల్ 3లో వారంట్, శాంపిల్ ముక్కలు, వెనకున్న డేటా అంతా పంపాలి. కస్టమర్ ఏమీ చెప్పకపోతే లెవెల్ 3 అనే లెక్క. ‘మాది బోరు మోటారు సరుకు, మాకు వర్తించదు’ అన్న వాదన నిలవదు. కేటలాగ్ పార్టులకు కూడా పీపాప్ ఉండాలని ఆ మాన్యువల్లోనే ఉంది, కస్టమర్ అధికారికంగా మినహాయింపు ఇస్తే తప్ప. అయితే ఆ మినహాయింపు అడిగే హక్కు మీకుంది. చాలామంది అడగరు.

ఇక డిజైన్ ఎఫ్‌ఎంఈఏ, అంటే వస్తువు ఎలా విఫలం కావచ్చో, అయితే ఏమవుతుందో ముందే రాసే పట్టిక. కేటలాగ్ పార్టుగా కొంటే డిజైన్ మీది, కాబట్టి అది రాయాల్సింది మీరే. కానీ బండి గురించి కాదు, గ్రోమెట్ గురించి రాయాలి. ఇంత రంధ్రంలో, ఇంత మందం రేకులో కదలకుండా కూర్చోవాలి, రేకు అంచు తీగకు తగలనీయకూడదు, నీళ్లు లోపలికి రానీయకూడదు. ఇవి దాని పనులు. గట్టిపడి పగలడం, ఉబ్బి జారిపోవడం, పెదవి చిరగడం దాని వైఫల్యాలు. పగిలితే బండికి ఏమవుతుందో, హారన్ ఆగుతుందా ఇంజనే ఆగుతుందా అన్నది మీకు తెలియదు. ఆ సివియారిటీ (తీవ్రత) అంకె వాళ్లనే అడిగి వేయండి. ఇంకోమాట: 2019లో వచ్చిన ఏఐఏజీ–వీడీఏ హ్యాండ్‌బుక్‌లో మూడంకెలు గుణించే ఆర్‌పీఎన్ లేదు. దాని బదులు హై, మీడియం, లో అనే యాక్షన్ ప్రయారిటీ ఉంటుంది. ఏ ఫార్మాట్ కావాలో ముందే తెలుసుకోకపోతే రెండుసార్లు రాయాల్సి వస్తుంది.

అసలు చిక్కు కాగితంలో కంటే రబ్బర్లోనే ఉండొచ్చు. మీ కేటలాగ్ కాంపౌండ్ (రబ్బర్ మిశ్రమం) నైట్రైల్ అనే రకం అయ్యుంటుంది. బోరు మోటారు గ్యాస్కెట్‌గా అది రెండు ఫ్లాంజిల మధ్య నొక్కుకుని, ఎండ తగలకుండా ఉంటుంది. బండి మీద గ్రోమెట్ అలా కాదు, రంధ్రం చుట్టూ సాగి, వేడిలో, బయటి గాలిలో ఉంటుంది. సాగి ఉన్న నైట్రైల్‌కి ఓజోన్ పడదు, సన్నటి బీటలు వస్తాయి. నైట్రైల్ నూనెకు తట్టుకుంటుంది కానీ బ్రేక్ ఫ్లూయిడ్‌కి ఉబ్బుతుంది. ఈపీడీఎం అనే ఇంకో రకం రబ్బర్ సరిగ్గా ఎదురు: ఓజోన్‌కీ బ్రేక్ ఫ్లూయిడ్‌కీ తట్టుకుంటుంది, పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ తగిలితే ఉబ్బుతుంది. కాబట్టి గ్రోమెట్ బండిలో ఎక్కడ కూర్చుంటుంది, ఏం తగులుతుంది అన్నది అడగకుండా మెటీరియల్ టెస్ట్ రిపోర్ట్ పంపితే, ఆ రిపోర్ట్ నిజమే అయినా పనికిరాదు.

వాళ్లు డ్రాయింగ్ మీద ‘ఎం2బీజీ714’ లాంటి ముక్క రాస్తే కంగారుపడకండి. అది రబ్బర్ గుణాలను కోడ్‌లో చెప్పే ఏఎస్‌టీఎం డీ2000 ప్రమాణం భాష. ఎం అంటే మెట్రిక్ కొలతలు, 2 గ్రేడ్, బీ అంటే 100 డిగ్రీల వేడి పరీక్ష, జీ అంటే నూనెలో ఉబ్బు 40 శాతం దాటకూడదు, 7 అంటే హార్డ్‌నెస్ 70, 14 అంటే కనీసం 14 మెగాపాస్కల్ బలం. దీన్ని చూడగానే నైట్రైల్ అడుగుతున్నారని తెలిసిపోతుంది. ఓజోన్ సంగతి అందులో లేకపోతే మీరే లేవనెత్తండి. తర్వాత బీటలు వస్తే ‘మీరు చెప్పలేదు’ అన్నమాట ఇద్దరికీ పనికిరాదు.

తర్వాత ప్రాసెస్ ఫ్లో (పని వరస), ప్రాసెస్ ఎఫ్‌ఎంఈఏ (తయారీలో ఏం తప్పొచ్చో రాసే పట్టిక), కంట్రోల్ ప్లాన్ (ఏ దశలో ఏం చూడాలో రాసే పట్టిక). ఈ మూడూ ఒకే తాడు మీద ఉండాలి. మిల్లు మీద మిక్సింగ్ 20వ ఆపరేషన్ అయితే మూడింటిలోనూ 20 అనే ఉండాలి. ఆడిటర్ మొదట చూసేది ఇదే, తప్పు దొరికేదీ ఇక్కడే. నెట్‌లో దొరికిన టెంప్లేట్ నింపి పంపితే అందులో ‘ఇంజెక్షన్ మౌల్డింగ్’ అని ఉంటుంది, మీ దగ్గరేమో కంప్రెషన్ ప్రెస్ ఉంటుంది. కంట్రోల్ ప్లాన్‌లో ప్రెస్ వేడి 170 డిగ్రీలు అని రాసి, షాపులో మీ ఆపరేటర్ ‘170 పెడితే అంచు మాడుతుంది సార్’ అని 160 పెట్టుకుంటే, ఆ ప్లాన్ ఉండి లేనట్టే. ముందు ప్రెస్ దగ్గర నిలబడి నిజంగా ఎంత పెడుతున్నారో, ఎన్ని నిమిషాలు పెడుతున్నారో రాసుకోండి, ప్లాన్ దాన్నిబట్టి రాయండి. కొలత తప్పితే ఏం చేయాలి, ఎక్కడిదాకా సరుకు పక్కన పెట్టాలి అనే రియాక్షన్ ప్లాన్ గడి ఖాళీగా వదలకండి.

శాంపిల్ కోసం పది ముక్కలు విడిగా శ్రద్ధగా తీసి పంపడం చెల్లదు. మామూలు అచ్చు మీద, మామూలు ఆపరేటర్‌తో, మామూలు వేగంతో 1 గంట నుంచి 8 గంటల రన్ తీయాలి, వరసగా కనీసం 300 ముక్కలు ఉండాలి. అంతకంటే తక్కువ చాలనుకుంటే కస్టమర్ నుంచి రాయించుకోండి. అచ్చులో 16 క్యావిటీలు (ముక్క తయారయ్యే గుంటలు) ఉంటే ప్రతి క్యావిటీ ముక్కా కొలవాలి. క్యావిటీ నంబర్లు అచ్చులో చెక్కి లేకపోతే ఇప్పుడే చెక్కించండి.

కొలిచేటప్పుడు రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. ఒకటి, మెత్తటి రబ్బర్‌ను వెర్నియర్‌తో బిగించి పట్టడం. ఒక్కో చెయ్యి ఒక్కోలా నొక్కుతుంది, గేజ్ ఆర్ అండ్ ఆర్ (కొలిచే తీరు వల్లే వచ్చే తేడా) 30 శాతం దాటిపోతుంది, దాటితే ఆ కొలతే చెల్లదు. 10 లోపు ఉంటే నిశ్చింత, మధ్యలో ఉంటే కస్టమర్ ఇష్టం. తాకకుండా కొలిచే ప్రొఫైల్ ప్రొజెక్టర్ సొంతానికి లేకపోతే బయట టూల్‌రూంలో గంటల లెక్కన చేయించుకోవచ్చు. రెండోది, 3 మిల్లీమీటర్ల ముక్క మీద షోర్ ఏ మీటర్ (రబ్బర్ గట్టిదనం కొలిచేది) పెట్టడం. ఆ మీటర్‌కి కింద కనీసం 6 మిల్లీమీటర్ల రబ్బర్ ఉండాలి, లేకపోతే కింది బల్ల గట్టిదనం కూడా కలిసి అంకె ఎక్కువ చూపిస్తుంది.

సీపీకే, అంటే కొలతలు హద్దుల లోపల ఎంత భద్రంగా ఉన్నాయో చెప్పే లెక్క, భయపెట్టేదేం కాదు. లోపలి రంధ్రం 12.00 మిల్లీమీటర్లు, అటూ ఇటూ 0.25 అనుకోండి. 100 కొలతల సగటు 12.10, సిగ్మా (కొలతల చెదురు) 0.04 వచ్చింది. పై హద్దు దూరం 0.15, దాన్ని మూడు సిగ్మాలతో, అంటే 0.12తో భాగిస్తే 1.25. హద్దు 1.33 కాబట్టి ఫెయిల్. కానీ అదే కొలతల సీపీ (సగటు ఎక్కడుందో పట్టించుకోకుండా చెదురు మాత్రమే చూసే లెక్క) 2.08. అంటే మీ పని నిలకడగానే ఉంది, అచ్చు పిన్ను సైజు ఒక్కటే తేడాగా ఉంది. పిన్ను 0.10 సరిచేస్తే సీపీకే కూడా 2.08కి చేరి సులభంగా పాసవుతుంది. దీనికోసం నలుగురిని కూర్చోబెట్టి ముక్కలు ఏరించేవాళ్లున్నారు, జీతాలు దండగ. ఇంకోటి, 16 క్యావిటీల కొలతలు కలిపేసి ఒకే సీపీకే తీయకండి, క్యావిటీల తేడాలన్నీ కలిసి లెక్క తప్పుదోవ పడుతుంది.

వారంట్ మీద ముక్క బరువు కిలోల్లో నాలుగు దశాంశ స్థానాలతో రాయాలి. పది ముక్కలు తూచి సగటు తీసి, 3.2 గ్రాములైతే 0.0032 అని రాయండి. చిన్న విషయమే, దీనికే వెనక్కి వచ్చిన కట్టలున్నాయి.

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. కేటలాగ్ సరుకుకి కార్బన్ బ్లాక్ ఎవరి దగ్గర కొన్నా, ఫార్ములా కొంచెం మార్చినా ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. పీపాప్ అయ్యాక కాంపౌండ్, అచ్చు, ప్రెస్, షెడ్డు, సప్లయర్ ఏది మారినా ముందు చెప్పి ఆమోదం తీసుకోవాలి. అందుకే బండికి వెళ్లే గ్రోమెట్‌కి కేటలాగ్ నంబరే ఉంచకుండా చివర ఒక అక్షరం కలిపి వేరే నంబరు పెట్టండి, దాని కాంపౌండ్ ఫార్ములాకి తాళం వేయండి. మాస్టర్ శాంపిల్, రికార్డులు ఆ పార్టు నడిచినన్నాళ్లూ, ఆపాక ఇంకో క్యాలెండర్ ఏడాదీ దాచాలి. ప్లాస్టిక్ సంచీలో, నీడన దాచండి. రబ్బర్ శాంపిల్ కిటికీ పక్కన పెడితే ఏడాదికే బీటలిస్తుంది.

ప్రశ్న: మేం కొత్తవాడలో దర్రీలు నేస్తాం. కారు సీటు కవర్ల షాపువాళ్లు, ఒక బస్సు బాడీ కట్టేవాళ్లు, ఇంకో కార్ల విడిభాగాల కంపెనీ మా గుడ్డ అడిగారు. ముగ్గురికీ ఒకే కాగితాలా?
— నేత సొసైటీ సభ్యుడు, వరంగల్

జవాబు: కాదు, మూడూ మూడు దారులు. సీటు కవర్ల షాపు అమ్మేది బయటి యాక్సెసరీ, దానికి పీపాప్ అడగరు. బస్సు బాడీ వాళ్లకు ఏఐఎస్-052 అనే బస్సు బాడీ ప్రమాణం వర్తిస్తుంది, లోపలి గుడ్డలకు ఐఎస్ 15061 మంట పరీక్ష రిపోర్ట్ కావాలి. కారు కంపెనీకి వెళ్లేదైతే ఆ రిపోర్టుతో పాటు పీపాప్ కూడా.

వరంగల్ దర్రీకి 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ సర్టిఫికెట్ కట్టలో పెట్టాలని కొందరికి ఉబలాటం. పెడితే తప్పు లేదు కానీ అది ఊరి పేరు చెబుతుంది, గుడ్డ ఎలా మండుతుందో చెప్పదు.

మంట పరీక్షలో 356 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు ముక్కను అడ్డంగా ఫ్రేములో బిగించి, ఒక చివర 15 సెకన్లు మంట తగిలిస్తారు. 254 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు గుర్తుల మధ్య మంట ఎంతసేపట్లో పాకిందో చూస్తారు. నిమిషానికి 100 మిల్లీమీటర్లు దాటకూడదు. 140 సెకన్లలో దాటితే నిమిషానికి 108.9, ఫెయిల్. 160 సెకన్లు పడితే 95.3, పాస్. పడుగు దిశలో ఐదు, పేక దిశలో ఐదు ముక్కలు ఇవ్వండి. దర్రీలో పడుగు సన్నం, పేక లావు, రెండూ ఒకేలా మండవు. అన్నిటికంటే త్వరగా మండిన ముక్కదే లెక్క, సగటు కాదు. ముక్కల్ని 23 డిగ్రీల్లో, 50 శాతం తేమలో కనీసం 24 గంటలు ఉంచి పరీక్షించాలి. మండే ఎండాకాలం నేరుగా మగ్గం మీంచి తీసి సొంతంగా చూసుకుంటే నూలు పొడిగా ఉండి ఇంకా వేగంగా మండుతుంది, ఊరికే భయపడతారు.

పత్తి మంటను ఆపాలంటే ఫినిష్ కావాలి. తక్కువ ధరకు దొరికే బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో ముంచడం పరీక్షలో పాసవుతుంది, ఒక్కసారి తడిస్తే పోతుంది. పైగా బోరిక్ యాసిడ్ కార్ల పరిశ్రమ ప్రకటించమనే పదార్థాల జాబితాలో ఉంటుంది, కాగితాల్లో దాచలేరు. ఉతికినా నిలిచే ఫినిష్ చేసే ప్రాసెస్ హౌస్‌తో మాట్లాడండి, ఉతికిన తర్వాత ముక్కకే రిపోర్ట్ తీయించండి.

చేతి మగ్గం మీద సీపీకే అడిగితే మర్యాదగా అభ్యంతరం చెప్పండి. అంగుళానికి పోగుల సంఖ్య మనిషి చేతిని బట్టి మారుతుంది. దాని బదులు ప్రతి ముక్క బరువు, వెడల్పు, పోగులు చూసి రాసే చెక్‌షీట్, కనిపించే లోపాలకు హద్దు శాంపిళ్లు పెట్టి కంట్రోల్ ప్లాన్‌లో ఒప్పించుకోండి. రంగు విషయంలో మాత్రం రాజీ ఉండదు. అప్పియరెన్స్ అప్రూవల్‌కి ఒకే లైటు కింద, డీ65 (పగటి వెలుగు లాంటి లైటు) బూత్‌లో, ఆమోదించిన నమూనా పక్కన పెట్టి చూస్తారు. చిలప చిలపగా అద్దే రంగు లాటు లాటుకీ మారుతుంది. ఏడాది ఆర్డరుకి సరిపడా నూలు ఒకేసారి అద్దడం కుదరదు కాబట్టి ప్రతి అద్దకం నుంచి ఒక చిన్న చిలప తేదీ రాసి దాచండి.

ప్రశ్న: కోళ్ల షెడ్డుకు టెంపరేచర్ కంట్రోలర్ బోర్డులు చేస్తాం. అదే బోర్డు కొంచెం మార్చి ఎలక్ట్రిక్ ఆటో బ్యాటరీ ఫ్యాను నడిపించడానికి ఇమ్మన్నారు. ‘ఏఈసీ సర్టిఫికెట్’ అడిగారు. ఎవరిస్తారది?
— ఎలక్ట్రానిక్స్ యూనిట్, కరీంనగర్

జవాబు: ఎవరూ ఇవ్వరు. ఆటోమోటివ్ ఎలక్ట్రానిక్స్ కౌన్సిల్ సర్టిఫికెట్లు జారీ చేయదు. దాని పరీక్షలు తమ భాగం పాసైందని ఆ భాగం చేసిన కంపెనీయే చెబుతుంది, డేటా ఇస్తుంది. అది కూడా విడి భాగాలకే: ఐసీలకు క్యూ100, ట్రాన్సిస్టర్లు, డయోడ్లకు క్యూ101, రెసిస్టర్లు, కెపాసిటర్లకు క్యూ200. మీ బోర్డుకి అది వర్తించదు.

క్యూ100లో గ్రేడ్ 3 అంటే మైనస్ 40 నుంచి 85 డిగ్రీలు, గ్రేడ్ 1 అయితే 125 దాకా. మీ ఇండస్ట్రియల్ ఐసీ డేటాషీట్ మీద కూడా మైనస్ 40 నుంచి 85 అనే ఉంటుంది, అది చూసి ‘గ్రేడ్ 3కి సమానం’ అని రాసి పంపేవాళ్లున్నారు. సమానం కాదు. క్యూ100లో చాలా పరీక్షలకు మూడు వేర్వేరు లాట్లలో ఒక్కో లాటు నుంచి 77 ముక్కలు పెట్టి ఒక్కటీ పోకూడదంటారు. డేటాషీట్ మీదున్న ఉష్ణోగ్రత ఆ పరీక్ష చేసినట్టు కాదు. మీ బిల్ ఆఫ్ మెటీరియల్ ముందు పెట్టుకుని, ప్రతి భాగానికి అదే కంపెనీ క్యూ గ్రేడ్ రూపం ఉందా చూడండి. పార్ట్ నంబరు చివర అక్షరాలే మారే భాగాలు చాలా ఉంటాయి, మార్చడం తేలిక. దొరకనివాటిని జాబితా కట్టి, ప్రతిదానికీ ఏం పరీక్ష చేశారో రాసి, కస్టమర్‌తో డీవియేషన్ (మినహాయింపు) సంతకం చేయించుకోండి.

బోర్డు మొత్తానికి చూడాల్సింది ఐఎస్‌ఓ 16750, బండిలోని ఎలక్ట్రానిక్స్ ఏం తట్టుకోవాలో చెప్పే ప్రమాణం. కోళ్ల షెడ్డులో మీ బోర్డుకి అడాప్టర్ నుంచి శుభ్రమైన 12 వోల్టులు వస్తాయి. బండి 12 వోల్టుల లైను అలా ఉండదు. జంప్ స్టార్ట్ పరీక్షలో 24 వోల్టులు 60 సెకన్లు ఇస్తారు, అణచిన లోడ్ డంప్‌లోనే (బ్యాటరీ తీగ ఊడితే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే వోల్టేజి పోటు) 35 వోల్టులు వస్తాయి. ఇన్‌పుట్‌లో 16 వోల్టుల కెపాసిటర్ ఉంటే అక్కడే ఉబ్బుతుంది. మీ ఆటోలో డీసీ కన్వర్టర్ ఉందా, ఆల్టర్నేటర్ అసలే లేదా అన్నది అడిగి ఏ పరీక్షలు వర్తిస్తాయో తేల్చుకోండి, అన్నీ చేయించి డబ్బు పోసుకోనక్కర్లేదు. వైబ్రేషన్ మాత్రం వదలకండి. గోడకు తగిలించిన బోర్డులో నిటారుగా నిలబెట్టిన పెద్ద కెపాసిటర్, స్క్రూ బిగించే టెర్మినల్, రెండూ బండి కుదుపులకు ముందు ఊడేవే. కెపాసిటర్‌ను జిగురుతో కట్టండి, టెర్మినల్ బదులు లాక్ ఉన్న కనెక్టర్ పెట్టండి.

ప్రశ్న: రైల్వేకి ఆర్‌డీఎస్‌ఓ (రైల్వే డిజైన్ సంస్థ) డ్రాయింగ్ మీద ఫ్యాబ్రికేషన్ చేస్తాం. లారీ ఛాసిస్ బ్రాకెట్లకు పీపాప్ అడిగారు. మా రైల్వే కాగితాలు పనికొస్తాయా?
— వెల్డింగ్ వర్క్‌షాప్, కాజీపేట

జవాబు: సగం పనికొస్తాయి. స్టీలు మిల్లు ఇచ్చే 3.1 రకం పరీక్ష సర్టిఫికెట్లు, వెల్డర్ క్వాలిఫికేషన్, వెల్డింగ్ ప్రొసీజర్, గేజ్‌ల క్యాలిబ్రేషన్ రికార్డులు అలాగే వాడుకోవచ్చు. మీ క్యూఏపీ (నాణ్యత హామీ ప్లాన్) కంట్రోల్ ప్లాన్‌కి దగ్గరి చుట్టమే, కానీ అందులో రియాక్షన్ ప్లాన్ ఉండదు, ఏ పరికరంతో ఎన్నింటికోసారి కొలవాలో చాలాచోట్ల వదిలేస్తారు. అసలు తేడా ఇంకోచోట ఉంది. రైల్వేలో ఇన్‌స్పెక్టర్ వచ్చి లాటు చూసి ముద్ర వేస్తాడు, మీరు ఆ ముద్రకు అలవాటుపడ్డారు. బండ్ల కంపెనీ తనిఖీకి మనిషిని పంపదు, మీ ముక్క నేరుగా లైను మీదికి పోతుంది. కాబట్టి తనిఖీ చివర్లో కాదు, వెల్డింగ్ ఫిక్స్చర్ దగ్గరే జరగాలి. పొద్దున మొదటి ముక్క కోసి వెల్డ్ చొచ్చుకుపోయిన లోతు చూసి రాయడం మొదలుపెట్టండి. వెల్డింగ్‌కి సీక్యూఐ-15 స్వీయ తనిఖీ అడిగే కస్టమర్లు కూడా ఉన్నారు.

ప్రశ్న: నట్లు, బోల్టులు చేస్తాం. ఐఎండీఎస్ (బండి భాగాల్లోని పదార్థాలు నమోదు చేసే ఆన్‌లైన్ వ్యవస్థ) ఎంట్రీ అడిగితే ప్లేటింగ్ వాళ్ల ఎంఎస్‌డీఎస్ (రసాయన భద్రతా పత్రం) పంపాం, తిరస్కరించారు. ఎందుకు?
— ఫాస్టెనర్స్ యూనిట్, పెద్దపల్లి

జవాబు: ఎంఎస్‌డీఎస్ తొట్లో ఉన్న రసాయనం గురించి చెబుతుంది. ఐఎండీఎస్‌కి బోల్టు మీద మిగిలిన పూత కావాలి, ఏ పదార్థం ఎంత శాతమో సీఏఎస్ నంబరు (ఒక్కో రసాయనానికి ఉండే గుర్తింపు సంఖ్య)తో సహా. ఇంకోటి చూసుకోండి, మీది పసుపు రంగు జింకు ప్లేటింగా? పాత పద్ధతి పసుపు పాసివేషన్‌లో ఆరు వేలెన్సీ క్రోమియం ఉంటుంది. కార్లలో దానికి హద్దు 0.1 శాతం, అదీ ఆ పూత పొరలో లెక్క, మొత్తం బోల్టు బరువులో కాదు. మూడు వేలెన్సీ పాసివేషన్‌కి మారండి, మారినట్టు ప్లేటింగ్ వాళ్లతో రాతలో తీసుకోండి, కొత్త పూతకు సాల్ట్ స్ప్రే పరీక్ష మళ్లీ చేయించండి. రంగు మారుతుంది కాబట్టి పాత స్టాకు కొత్తదాంట్లో కలవనీయకండి. రబ్బర్, పెయింట్ సప్లయర్లు ఫార్ములా రహస్యం అంటే 10 శాతం దాకా దాచుకోనిస్తారు, నిషిద్ధ జాబితాలో ఉన్నవి మాత్రం దాచడానికి వీల్లేదు.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, ఒకేసారి ఐఏటీఎఫ్ 16949 (బండ్ల పరిశ్రమ నాణ్యత ప్రమాణం) సర్టిఫికెట్ తీసుకుంటే సరిపోదా?
— మెషిన్ షాప్, హన్మకొండ

జవాబు: సరిపోదు. సర్టిఫికెట్ మీ కంపెనీ పద్ధతికి, పీపాప్ ఒక్కో పార్టుకి. ఒకటి ఉన్నా రెండోది అడుగుతారు. పైగా బండి భాగాలు ఇంకా సప్లయ్ చేయనివాళ్లకు పూర్తి సర్టిఫికెట్ రాదు. 12 నెలల రికార్డు లేనివాళ్లకు లెటర్ ఆఫ్ కన్ఫార్మెన్స్ అనే కాగితం ఒకటుంది, అది కూడా మీకు బండ్ల పరిశ్రమ కస్టమర్ ఒకరు ఉన్నప్పుడే. మొదటి ఆర్డరుకి చాలాచోట్ల ఐఎస్‌ఓ 9001 ఉంటే మొదలుపెట్టనిస్తారు. సర్టిఫికెట్ ఇచ్చే ఏజెన్సీ పేరు ఐఏటీఎఫ్ గుర్తింపు పొందినవాటి జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూసుకోండి.